డబ్బా మాంసం కూర మీద అచ్చు వేయని అంకెల గురించి ఉద్దానం నుంచి ఒక బహిరంగ లేఖ

ఆహార ప్రమాణాలను, లేబుళ్ల నిబంధనలను నిర్ణయించే అధికారులకు. రాష్ట్ర ఆహార భద్రతా యంత్రాంగానికి. డబ్బాల్లోనూ ప్యాకెట్లలోనూ వండి సిద్ధంగా ఉంచిన మాంసాహారాన్ని తయారుచేసే, దిగుమతి చేసే సంస్థల యాజమాన్యాలకు,

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

డబ్బాలో వచ్చే మాంసం చిల్లీ అనే అమెరికా కైమా కూర గురించి, అలాంటి ఆహారం మీద ముద్రించే పోషకాల పట్టిక గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఇదే సంగతిని మేము వినతిపత్రంగా రాసి ఒక కార్యాలయంలో ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసిన నకలు తప్ప జవాబు రాలేదు. ఒక దిగుమతి సంస్థకు ఉత్తరం రాస్తే ‘మా ఉత్పత్తులు అన్ని నిబంధనలకూ లోబడే ఉన్నాయి’ అన్న ఒక్క వాక్యం వచ్చింది. ఆ వాక్యం నిజమే కావచ్చు. నిబంధనలకు లోబడి ఉంటూనే ఒక డబ్బా మనిషి ప్రాణం మీదికి తేగలదన్నదే మా ఫిర్యాదు కాబట్టి, ఇక అందరికీ తెలిసేలా రాయక తప్పలేదు.

నేను సోంపేటలో ఉంటున్న విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుణ్ణి. ఉద్దానం అని పిలిచే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను తిన్నదో మీకు కొత్తగా చెప్పనక్కర లేదు. ఆ జబ్బుకు కారణం ఇదీ అని తేల్చడానికి ఎందరో పరిశోధకులు వచ్చి వెళ్లారు గాని, ఇప్పటికీ అది నిర్ధారణ కాలేదు. ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కూడా అనను. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి మంచినీటి పథకం వచ్చింది. డబ్బా ఆహారం వల్ల ఈ జబ్బు వచ్చిందని మేము అనడం లేదు. డబ్బాలు మా ఊళ్లకు రాకముందే జబ్బు వచ్చింది. జబ్బు వచ్చినవాడు ఆ డబ్బా తినవచ్చో లేదో తెలుసుకునే దారి ఏదని మాత్రమే అడుగుతున్నాం.

అమెరికాలోని టెక్సాస్ వంటకానికీ ఉద్దానానికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. మా ప్రాంతం నుంచి ఓడల మీద పనికి, గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు ఎక్కువ. సెలవుకు వచ్చేటప్పుడు వారి పెట్టెల్లో చాక్లెట్లు, సబ్బులు, పాలపొడితో పాటు ఈ డబ్బాలూ దిగుతాయి. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే దిగుమతి సరుకు పల్లెకు కూడా చేరుతున్నది. అదే పద్ధతిలో మన దేశంలోనే వండి ప్యాకెట్లలో నింపిన కోడి కూరలు, కైమా కూరలు ఇప్పుడు చిన్న పట్టణాల దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. డయాలసిస్ రోజున ఆటోలో ఇల్లు చేరేసరికి సాయంత్రం అవుతుంది. రోగికి ఓపిక ఉండదు, తోడు వెళ్లినవారు ఆ రోజు కూలి పోగొట్టుకుని అలసిపోయి ఉంటారు. వేడినీళ్లలో పెట్టి తీస్తే అన్నంలోకి కూర సిద్ధమైపోయే వస్తువు ఆ ఇంట్లో ఎందుకు తెరుచుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

ముందుగా ఆ డబ్బాకు న్యాయం చేద్దాం. కైమా, మిరప, టమాటా, చాలాసార్లు రాజ్మా గింజలు కలిపి వండిన కూర అది. చిల్లీ కాన్ కార్నే అని పేరు పెట్టాలంటే పచ్చి మాంసం బరువు లెక్కన కనీసం 40 శాతం, రాజ్మా కలిపినదైతే కనీసం 25 శాతం మాంసం ఉండాలని అమెరికా ప్రభుత్వ ప్రమాణం. రాజ్మా కలిపిన రకం ఒక కప్పు, అంటే సుమారు 250 గ్రాములు, తింటే రమారమి 260 నుంచి 290 కేలరీలు, 15 గ్రాముల మాంసకృత్తులు, 14 గ్రాముల దాకా కొవ్వు, మంచి మోతాదులో పీచు అందుతాయి. రెండు కోడిగుడ్లకు మించిన మాంసకృత్తులు ఒక కప్పులో వస్తే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది చెడ్డ తిండి అని నేను అనను. చిక్కంతా ఉప్పుతో మొదలవుతుంది. అదే కప్పులో సోడియం దాదాపు 1,000 మిల్లీగ్రాములు, కొన్ని రకాల్లో ఇంకా ఎక్కువ. సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది గనుక ఒక కప్పులో రెండున్నర గ్రాముల ఉప్పు అన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాములలోపే ఉండాలంటున్నది.

నా ముందున్న డబ్బా 425 గ్రాములది. ముందు వైపు గిన్నెలో పొగలు కక్కుతున్న కూర బొమ్మ, పెద్ద ఎర్ర అక్షరాలు. వెనుక, రేకు అతుకు పక్కన, బియ్యపు గింజలో సగం ఎత్తు కూడా లేని అక్షరాలతో పోషకాల పట్టిక. ఆ పట్టిక అడుగున విటమిన్ డి, కాల్షియం, ఇనుము, పొటాషియం వరుసలు ఉన్నాయి. సరిగ్గా ఆ అడుగు వరుసల మీదే మన దిగుమతిదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, మాంసాహారమని తెలిపే గోధుమరంగు త్రికోణం ఉన్న తెల్ల చీటీ అంటించారు. గోటితో ఒలిస్తే చీటీతో పాటు కింది కాగితమూ చిరిగింది. పొటాషియం అంకె జిగురులో కలిసిపోయింది. తయారైన దేశంలో అచ్చయిన ఒకే ఒక్క ఉపయోగకరమైన అంకెను మన దేశపు చట్టం కోసం అంటించిన చీటీ మింగేసింది. దీన్ని ఎవరూ కావాలని చేయలేదని నమ్ముతున్నాను. ఆ అంకె ఎవరికైనా అవసరమని ఎవరికీ తోచకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మన దేశపు 2020 నాటి లేబుళ్ల నిబంధనల ప్రకారం శక్తి, మాంసకృత్తులు, పిండిపదార్థాలు, మొత్తం చక్కెర, కలిపిన చక్కెర, మొత్తం కొవ్వు, సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, కొలెస్ట్రాల్, సోడియం తెలపాలి. 2,000 మిల్లీగ్రాముల సోడియాన్ని రోజు పరిమితిగా తీసుకుని ఒక వడ్డనలో అందులో ఎన్నో వంతు ఉందో శాతంగా చెప్పాలి. ఇది మంచి నిబంధనే. ఈ జాబితాలో పొటాషియం లేదు, భాస్వరం లేదు. వివరాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉంటే చాలు. ఇతర భాషలు కంపెనీ ఇష్టం. వీటి ఫలితాలు సామాన్యుల ఇళ్లలో ఎలా ఉన్నాయో వరుసగా మనవి చేస్తాను.

1. డబ్బా తెరిచినవాడు అందులో ఉన్నదంతా తింటాడు, లేదా ఇద్దరు పంచుకుంటారు. కొలకప్పుతో కొలిచి సగం ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు మా ఇళ్లలో లేదు. చాలా ఇళ్లలో ఫ్రిజ్జే లేదు. 425 గ్రాముల డబ్బాను రెండు వడ్డనలుగా లెక్కగట్టి, ఒక వడ్డనకు రోజు పరిమితిలో సుమారు సగం సోడియం అని రాస్తే, చదివినవారికి ఇంకా సగం మిగిలిందన్న ధైర్యం వస్తుంది. డబ్బా పూర్తిచేసినవాడికి ఆ రోజు ఉప్పు అక్కడితోనే సరి. దాని మీద అన్నంలోకి మజ్జిగ, పక్కన ఆవకాయ బద్ద ఎటూ ఉంటాయి. అమెరికాలో రెండు మూడు వడ్డనలు పట్టినా ఒకే పూటలో తినేసే వీలున్న చాలా ప్యాకెట్ ఆహారాల మీద వడ్డనకు ఒక గడి, డబ్బా మొత్తానికి ఒక గడి పక్కపక్కనే వేయాలన్న నియమం ఉంది. ఇక్కడ లేదు.

2. ఆరోగ్యవంతుడికి ఉప్పు ఎక్కువైతే ఏళ్ల మీద రక్తపోటు పెరుగుతుంది. డయాలసిస్ రోగికి ఆ గడువు ఉండదు. ఉప్పు తిన్న రాత్రే దాహం. నీళ్లు తాగితే బయటికి పోయే దారి లేదు. మరుసటి డయాలసిస్‌కు వెళ్లేసరికి కాళ్లు పొంగి, బరువు పెరిగి, కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడుకుంటే ఆయాసం వస్తుంది. తూకం యంత్రం మీద నిలబెట్టి ‘ఏం తిన్నావు’ అని సిస్టరమ్మ అడిగితే, ‘ఏమీ తినలేదమ్మా, పిల్లలు తెచ్చిన కూర కొంచెం వేసుకున్నాను’ అంటారు. వారు అబద్ధమాడటం లేదు. ఆ కూరలో ఎంత ఉప్పుందో వారికి తెలియదు.

3. అన్నింటికన్నా పెద్దది పొటాషియం సంగతి. రాజ్మా, టమాటా, మాంసం, మూడింట్లోనూ పొటాషియం ఉంది. మూడింటి రసమూ డబ్బాలోని గ్రేవీలోనే ఉండిపోతుంది. అందువల్ల కప్పుకు కొన్ని వందల మిల్లీగ్రాముల పొటాషియం వస్తుంది. మూత్రపిండాలు పనిచేసేవారికి అది మేలే చేస్తుంది. పనిచేయనివారి రక్తంలో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. మా రోగుల ఆహార చీటీలు చూస్తే మీకు అర్థమవుతుంది. కొబ్బరితోటల మధ్య పుట్టినవాడికి కొబ్బరినీళ్లు వద్దంటారు, పనసపండు వద్దంటారు, పలాస జీడిపప్పు తగ్గించమంటారు. కూరగాయలు ముక్కలు కోసి, ఉడకబెట్టి, ఆ నీళ్లు వార్చి పారబోసి మళ్లీ వండమంటారు. ఇంతగా నోరు కట్టుకునే ఆడవాళ్లు, మగవాళ్లు, లేబులు మీద పొటాషియం ఊసే లేని డబ్బాను చూసి అది లేదేమో అనుకోవడంలో వింతేమీ లేదు. పట్టికలో లేనిది డబ్బాలో లేదనుకోవడం సహజం కదా.

4. దీనికన్నా ప్రమాదకరమైనది ‘తక్కువ సోడియం’ అని గొప్పగా రాసుకునే సరుకు. ఉప్పు తగ్గించి రుచి నిలపడానికి కొన్ని సంస్థలు పొటాషియం క్లోరైడ్ వాడతాయి. పదార్థాల జాబితాలో అది ఐఎన్ఎస్ 508 అన్న అంకెగా, అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్యగా, కనిపించవచ్చు. పొటాషియం కలిసిన ఉప్పును సాధారణ వయోజనులకు సిఫారసు చేస్తూ 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలిచ్చింది; అందులోనే మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, గర్భిణులకు, పిల్లలకు ఈ సిఫారసు వర్తించదని స్పష్టంగా చెప్పింది. డాక్టరు ‘ఉప్పు తగ్గించు’ అన్న మాటను బుద్ధిగా పాటించి, నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి ‘తక్కువ సోడియం’ డబ్బా ఏరుకున్న రోగే ఎక్కువ కీడుకు గురవుతాడు. చదువు లేనివాడు బతికిపోయి, చదివి పాటించినవాడు చిక్కుకునే లేబులు ఇది. ఉప్పు తగ్గించమని కంపెనీలను ఒత్తిడి చేసే విధానం మంచిదే గాని, పొటాషియం వరుసను తప్పనిసరి చేయకుండా ఆ ఒత్తిడి పెంచితే ఉద్దానానికి మీరు చేసే మేలు ఎదురు తిరుగుతుంది.

5. మాంసం మెత్తగా, నీరు కారిపోకుండా ఉండటానికి ఫాస్ఫేట్లు, అంటే భాస్వరం లవణాలు, కలపడం ఈ పరిశ్రమలో మామూలు: ఐఎన్ఎస్ 450, 451, 452. పప్పులు, గింజల్లోని భాస్వరంలో సుమారు సగమే ఒంటికి పడుతుంది. కలిపిన ఫాస్ఫేటు దాదాపు మొత్తం రక్తంలోకి చేరుతుంది. భాస్వరం పెరిగితే ఎముకలు గుల్లబారుతాయి, ఒళ్లంతా దురద, రక్తనాళాలు గట్టిపడతాయి. భోజనంతో పాటు భాస్వరం తగ్గించే మాత్రలు మింగుతున్న మనిషి అదే ముద్దలో ఐఎన్ఎస్ 451 కూడా మింగుతున్నాడు.

6. తెలుగు లేదు. ఇంగ్లీషు చదివే మనవడు ఇంట్లో ఉన్న రోజే లేబులుకు అర్థం. మిగతా రోజుల్లో అది రంగు కాగితం.

7. జబ్బు ఉన్నట్టు తెలియనివారు మరో వర్గం. ఈ జబ్బు మా దగ్గర చప్పుడు లేకుండా ముదురుతుంది. చాలామందికి సగం నష్టం జరిగాక గాని బయటపడదు. డయాలసిస్ దాకా రాని దశలో మాంసకృత్తులు మితంగా తినమని, డయాలసిస్ మొదలయ్యాక కొంచెం పెంచమని వైద్యులు చెబుతారు. అంటే ఒకే డబ్బా ఒకే ఇంట్లో ఒకరికి ఒక రకంగా, మరొకరికి మరో రకంగా పనిచేస్తుంది. కాబట్టి మంచి, చెడు అన్న ఒక్క మాటతో తేల్చే గుర్తు మాకు చాలదు, అంకెలు కావాలి.

ఈ ఏడో అంశం దగ్గర కొంచెం ఆగాలి. ప్యాకెట్ ముందు భాగంలో గుర్తు వేయాలన్న చర్చ దేశంలో కొన్నేళ్లుగా నడుస్తున్నది. 2022 సెప్టెంబరులో నక్షత్రాల పద్ధతితో ముసాయిదా వచ్చింది. 2024 జులైలో చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు అంకెలను పెద్ద, ముదురు అక్షరాల్లో వేయాలన్న ప్రతిపాదనకు ఆహార ప్రాధికార సంస్థ ఆమోదం తెలిపింది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ గుర్తు మీద సిఫారసులు త్వరగా తేల్చమని గడువు పెట్టింది. నక్షత్రాల ముసాయిదాలో ఉప్పుకు, కొవ్వుకు, చక్కెరకు మార్కులు కోస్తారు. పప్పుధాన్యాలకు, పీచుకు, మాంసకృత్తులకు మార్కులు కలుపుతారు. మాంసం చిల్లీని ఆ తక్కెడలో పెట్టి చూడండి. రాజ్మా ఉంది, పీచు ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి. ఉప్పు వల్ల పోయిన మార్కుల్లో కొన్నిటిని ఇవి తిరిగి తెచ్చిపెడతాయి. రోగికి పొటాషియాన్నీ భాస్వరాన్నీ మోసుకొచ్చే దినుసులే డబ్బాకు నక్షత్రాలు సంపాదించి పెడతాయి. చిలీ దేశం 2016 నుంచి ఈ తూకాల జోలికి పోకుండా, సోడియం హద్దు దాటితే దాటిందని నల్లటి అష్టభుజి ముద్ర వేయిస్తున్నది. ఉప్పు విషయంలో మాకు ఆ పద్ధతే నయమనిపిస్తున్నది.

కంపెనీల యాజమాన్యాలకు ఒక మాట. ఉప్పు లేకపోతే నిల్వ ఉండదని మీ ప్రతినిధులు అంటుంటారు. ఊరగాయకూ ఎండు నెత్తళ్లకూ ఆ మాట చెల్లుతుంది. డబ్బా ఆహారం నిల్వ ఉండేది ఉప్పు వల్ల కాదు. గాలి చొరకుండా మూసి, 121 డిగ్రీల వేడికి తట్టుకోలేక సూక్ష్మజీవులు, వాటి బీజాలు చనిపోయేలా ఉడికించడం వల్ల. పదో తరగతి పిల్లలకు చెప్పే పాఠమే ఇది. మీ డబ్బాలో ఉప్పు చాలావరకు నాలుక కోసం, అమ్మకం కోసం. మేమూ ఉప్పు తింటాం, కాదనను. పచ్చళ్లు మాకు ప్రాణం. కాని జాడీలో ఎన్ని గిద్దల ఉప్పు పోసిందో ఇంటి ఇల్లాలికి తెలుసు, రోగి పళ్లెంలో పచ్చడి వేయకుండా ఉండగలదు. మీ డబ్బాలో ఎంత పోశారో ఆమెకు తెలియాలంటే మీరు చెప్పాలి.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి. సిద్ధంగా తినే మాంసాహారం, పప్పుధాన్యాల కూరలు, డబ్బాలోవైనా ప్యాకెట్‌లోవైనా, పోషకాల పట్టికలో పొటాషియం, మొత్తం భాస్వరం తప్పనిసరి చేయాలి. అమెరికాలో చాలా ప్యాకెట్ ఆహారాల మీద పొటాషియం వరుస తప్పనిసరై ఏళ్లు గడిచాయి గనుక పరీక్ష సాధ్యం కాదన్న జవాబు మాకు చెల్లదు. ఫాస్ఫేట్లు గాని పొటాషియం క్లోరైడ్ గాని కలిపితే అంకె చాటున దాచకుండా పేరుతో రాయాలి. పొటాషియం క్లోరైడ్ కలిపిన ‘తక్కువ సోడియం’ సరుకు మీద ‘మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా తినరాదు’ అన్న హెచ్చరిక ముందు వైపే ఉండాలి. డబ్బా మొత్తంలో ఉప్పు ఎన్ని గ్రాములో, సోడియం మిల్లీగ్రాముల్లో కాకుండా ఉప్పు గ్రాముల్లోనే, ముందు వైపు వేయాలి. ఈ రాష్ట్రంలో అమ్మే సరుకు మీద కనీసం ఉప్పు, పొటాషియం, భాస్వరం, మాంసకృత్తుల అంకెలు తెలుగులో ఉండాలి. దిగుమతి చీటీ పోషకాల పట్టికలోని ఏ గీతనూ కప్పకూడదు. కప్పినదాన్ని లోపమున్న సరుకుగా లెక్కించి అమ్మకం ఆపాలి.

నిబంధన మార్చడానికి ఢిల్లీలో కాలం పడుతుందని తెలుసు. ఈలోగా జిల్లా స్థాయిలోనే చేయగలిగిన పని ఒకటుంది. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం దుకాణాల్లో దొరికే డబ్బా, ప్యాకెట్ కూరల నమూనాలు తీసి ప్రయోగశాలలో సోడియం, పొటాషియం, భాస్వరం పరీక్ష చేయించి, ఫలితాలను సరుకు పేరుతో సహా తెలుగులో ఒక పట్టికగా ప్రతి డయాలసిస్ కేంద్రంలో తూకం యంత్రం పక్కన గోడకు అంటించాలి. దానికి కొత్త చట్టం అక్కర లేదు. పట్టికను అచ్చు వేయించే ఖర్చు ప్రభుత్వం భరించలేనంటే మేము చందాలు పోగు చేసుకుంటాం. పరీక్ష మాత్రం మా వల్ల కాదు, అది మీరే చేయించాలి.

ఈ లేఖకు జవాబు రాతపూర్వకంగా, తెలుగులో, ఏ కోరికను ఎప్పటిలోగా తీరుస్తారో, దేన్ని ఏ కారణంతో తిరస్కరిస్తున్నారో విడివిడిగా తెలుపుతూ ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. నిబంధనలకు లోబడి ఉన్నామన్న జవాబు మాకు ఇదివరకే అందింది.

ఇట్లు,
డయాలసిస్ రోగుల కుటుంబాల తరఫున,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా